లారీ ఆగిన వేళ ఎవరి లెక్కలో ఉంది?

ఏ బండికి ఏ లోడు ఇవ్వాలి, ఏ దారిన పంపాలి, సరుకు ఎప్పటికి చేరుతుంది అన్నవి ఇక కృత్రిమ మేధే తేలుస్తుందని రవాణా రంగంలో గట్టిగా ప్రచారం సాగుతోంది. నిజానికి ఈ లెక్క పాతదే. పెట్రోలు డిపో నుంచి బంకులకు ట్యాంకర్లను తక్కువ దూరంలో తిప్పడమెలాగో పరిశోధకులు డాంట్జిగ్, రామ్సర్ 1959లోనే గణిత పద్ధతిలో చూపించారు. సూత్రం ఎప్పుడో దొరికింది. అందులో వేయడానికి వివరాలే లేవు.

వివరాలన్నీ బ్రోకరు దగ్గర ఉండేవి. చెన్నై–కోల్‌కతా రహదారి, హైదరాబాద్–మచిలీపట్నం రహదారి కలిసే విజయవాడలో సరుకు దించిన లారీకి రిటర్న్ లోడు కుదిర్చేది ఆయనే. ఎవరి బండి ఎక్కడ ఖాళీ అయింది, ఏ డ్రైవరు మాట మీద నిలబడతాడు, ఏ వ్యాపారి కిరాయి బకాయి పెడతాడు అన్నది కొంత పుస్తకంలో, ఎక్కువ భాగం తలలో ఉండేది. ఆయన కమీషన్ మీద ఎంత గొణుక్కున్నా, ఖాళీగా తిరిగి వెళ్లే బండి ఖర్చుతో పోలిస్తే అది తక్కువే.

మార్పు తెచ్చింది పన్నుల శాఖ. 2017 జూలై 1న జీఎస్టీ రావడంతో సరిహద్దుల్లో వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు పోయాయి. మరుసటి ఏడాది ఏప్రిల్ 1 నుంచి రాష్ట్రాల మధ్య, 15 నుంచి ఆంధ్రప్రదేశ్ లోపల ఈ-వే బిల్లు, అంటే సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసుకునే పత్రం, తప్పనిసరి అయింది. 2021 ఫిబ్రవరిలో టోలు కట్టే ఫాస్టాగ్ వంతు వచ్చింది. పన్ను కోసం, టోలు కోసం పెట్టిన ఈ ఏర్పాట్ల వల్లే ఏ బండి ఏ వేళ ఎక్కడ ఉందో తొలిసారి లిఖితంగా మిగలసాగింది. 2022 సెప్టెంబరులో ప్రకటించిన జాతీయ లాజిస్టిక్స్ విధానం ఇలాంటి సమాచారాన్ని ఒకచోటికి చేర్చే వేదికను ముందుకు తెచ్చింది. యంత్రం నేర్చుకునేది ఇందులోంచే.

అయితే అది నేర్చింది రోడ్డునే. గుంటూరులో మిర్చి సీజన్‌లో తేజ, 334 రకాల టిక్కీల (మిర్చి బస్తాల) కోసం వచ్చిన లారీ సంగతి చూడండి. కాటా పూర్తి కావాలి, హమాలీలు దొరకాలి, గుమాస్తా బిల్లు రాయాలి. బండి నంబరు ఎక్కించాకే ఈ-వే బిల్లు గడువు మొదలవుతుంది. అంతకుముందు గంటల తరబడి పడిగాపులు పడ్డ సంగతి అందులో కనబడదు. బండి కదల్లేదని జీపీఎస్ చెబుతుంది గానీ ఎవరి వల్ల ఆగిందో చెప్పదు. కోల్డ్ స్టోరేజీ ముందు వరుసలో నిలబడినా అంతే. ఆ ఆలస్యాన్ని ఒకటి రెండు లారీలున్న యజమాని, డ్రైవరు మోస్తారు. బండి ఆగినందుకు హాల్టింగ్ చార్జీ అడిగితే ఆధారమేదంటారు.

సాఫ్ట్‌వేర్ కొనే ముందు లోడింగ్ జరిగే ప్రతి గోదాము గేటు దగ్గరా బండి వచ్చిన వేళ, వెళ్లిన వేళ, ఆలస్యానికి కారణం నమోదు చేయడం మొదలుపెట్టవచ్చు. డ్రైవరుకు హాల్టింగ్ అడిగే ఆధారం, యంత్రానికి ఇన్నాళ్లూ అందని లెక్క రెండూ అక్కడే దొరుకుతాయి.