నట్టలన్నిటినీ చంపాలనుకుంటే చిక్కే

గొర్రెలు, మేకల నాలుగో కడుపులో చేరే హీమాంకస్ కంటార్టస్ అనే నట్ట రెండు మూడు సెంటీమీటర్లే ఉంటుంది. ఆడ నట్ట ఎరుపు, తెలుపు దారాలు కలిపి పేనినట్టు కనిపిస్తుంది. ఆ ఎరుపు దాని పేగు నిండా ఉన్న గొర్రె రక్తం. తెలుపు, పేగు చుట్టూ మెలితిరిగిన అండాశయాలు. ఒక్కో నట్ట వల్ల రోజుకు పోయేది సుమారు 0.05 మిల్లీలీటర్ల రక్తమే. అయిదు వేలు చేరితే మాత్రం పావు లీటరు! కనురెప్పల లోపలి భాగం పాలిపోతుంది, దవడ కింద నీరు దిగుతుంది. ఒక్కోసారి ఈ లక్షణాలేవీ బయటపడకముందే జీవం చనిపోతుంది.

ఆడ నట్ట రోజుకు వేలల్లో గుడ్లు పెడుతుంది. అవి పెంటికలతో బయటపడి, వెచ్చదనం, తేమ ఉంటే వారంలోపే పిల్లపురుగులుగా ఎదిగి గడ్డి మీదికి పాకుతాయి. మేతతో లోపలికి వెళ్లిన మూడు వారాలకు అవీ గుడ్లు పెట్టడం మొదలెడతాయి.

1961లో థయాబెండజోల్ అనే నట్టల మందు వచ్చినప్పుడు ఈ బెడద తీరినట్టే అనిపించింది. 1964కల్లా దానికి లొంగని నట్టలు కనిపించాయి. 1981లో వచ్చిన మరో మందు ఐవర్‌మెక్టిన్‌కు మూలమైన సూక్ష్మజీవి జపాన్ మట్టిలో దొరికింది. ఆ కృషికి శాస్త్రవేత్తలు ఒమురా, కాంప్‌బెల్‌లకు 2015లో నోబెల్ కూడా దక్కింది. నట్టలు మాత్రం అన్నేళ్లు ఆగలేదు, 1980ల్లోనే ఆ మందునూ తట్టుకున్నాయి.

తప్పంతా మందుది కాదు, వాడిన తీరుది. మందలో అన్నిటికీ మందు తాగించి, వెంటనే శుభ్రమైన బీడుకు తోలమని చాలాకాలం సలహా ఇచ్చేవారు. వినడానికి బాగానే ఉంది. కానీ ఆ మందును తట్టుకుని బతికినవే కొత్త బీడులో గుడ్లు పెడతాయి. వాటితో జతకట్టడానికి మందుకు లొంగే నట్టలు అక్కడ ఉండవు. కొన్ని తరాలు గడిచేసరికి ఆ బీడంతా మొండి నట్టలదే అవుతుంది.

అందుకే మందుకు లొంగే నట్టలు కొన్ని మిగలాలని, ఇప్పుడు కొన్ని జీవాలకు కావాలనే మందు వేయరు. నట్టల్లో ఎక్కువ భాగం మందలోని కొద్ది జీవాల్లోనే ఉంటాయి కాబట్టి ఇది సాధ్యమే. ఆ కొద్దిటిని గుర్తించడానికి దక్షిణాఫ్రికా పశువైద్యులు ఫమాచా అనే రంగుల కార్డు తయారుచేశారు. కింది కనురెప్పను తిప్పి, లోపలి రంగును కార్డు మీది అయిదు రంగులతో పోల్చడమే పని. ఎర్రగా ఉంటే వదిలేస్తారు, బాగా పాలిపోతే మందు పడుతుంది. ఖరీదైన పరికరాలు చేయలేని పని ఈ అట్టముక్క చేస్తోందని నా అభిప్రాయం. అయితే రక్తం తాగే నట్టల విషయంలోనే ఇది పనికొస్తుంది. పారుడు తెప్పించే రకాలను కంటి రంగు పట్టివ్వదు.

టీకా కూడా ఉంది. స్కాట్లాండ్‌లోని మోరెడన్ సంస్థ పరిశోధనతో రూపొంది, 2014లో ఆస్ట్రేలియాలో అమ్మకానికి వచ్చింది. నట్ట పేగులోని ప్రొటీన్లే ఇందులో టీకా సరుకు. గొర్రె రక్తంలో వాటికి విరుగుడుగా యాంటీబాడీలు పుడతాయి, ఆ రక్తం తాగిన నట్టకు తన పేగే పనిచేయదు. మామూలుగా ఆ ప్రొటీన్లు గొర్రె శరీరానికి ఎదురుపడవు కాబట్టి రక్షణ తొందరగా తగ్గిపోతుంది. అందుకే నట్టల కాలంలో సుమారు ఆరు వారాలకోసారి టీకా వేయాల్సి వస్తుంది.