ఉబెరాబా పుస్తకం: నెల్లూరు పేరుతో బ్రెజిల్‌లో ఎదిగిన జాతి, దాని వెనకున్న పెంపకందారుల సంఘం

2023లో బ్రెజిల్‌లోని సావో పావ్లో రాష్ట్రంలో జరిగిన ఒక వేలంలో వియాటినా-19 అనే ఆవులో మూడో వంతు వాటా దాదాపు 70 లక్షల బ్రెజిల్ రియాళ్లకు అమ్ముడుపోయింది. మన ఒంగోలు పశువుల నుంచి అక్కడ పెరిగిన నెలోరె జాతి ఆవు అది. ఆ లెక్కన మొత్తం ఆవు విలువ రెండు కోట్ల పది లక్షల రియాళ్లకు చేరగా, వేలంలో అత్యధిక ధర పలికిన పశువుగా గిన్నిస్ వారు దాన్ని నమోదు చేశారు. ఆ వార్త తెలుగు పత్రికల్లో వచ్చినప్పుడల్లా ఒకటే ప్రశ్న తిరిగి తిరిగి వినిపిస్తోంది: మన ఒంగోలు ఆవు అక్కడ కోట్లు పలుకుతుంటే ఇక్కడ దాని సంఖ్య ఎందుకు తగ్గిపోతోంది? ఈ ప్రశ్నకు చాలామంది చెప్పే జవాబు, మన మేలిమి పశువులను వాళ్లు ఎత్తుకుపోయారన్నది. అది సగం నిజం కూడా కాదు. పశువులు వెళ్లిన మాట వాస్తవమే కానీ, వెళ్లినవి చాలా తక్కువ. వాటిని కోట్ల సంఖ్యలోకి పెంచినది మీనాస్ జెరైస్ రాష్ట్రంలోని ఉబెరాబా అనే పట్టణంలో కొందరు పశుపోషకులు 1919లో తెరిచిన ఒక వంశావళి పుస్తకమూ, దాని చుట్టూ ఏర్పడిన సంఘమూ.

ఆ పుస్తకం కంటే ముందున్న సంగతి కొంత చెప్పుకోవాలి. గుండ్లకమ్మ, మూసీ నదుల నడుమ నల్లరేగడి నేలల్లో ఈ జాతిని తీర్చిదిద్దినవాళ్లు ఒంగోలు సీమ రైతులే. వాళ్లకు రాతలో సంఘం లేదు కానీ, ఆచారంలో ఉంది. ఇంట్లో పెద్దవాళ్లు పోయినప్పుడు వారి పేరున ఒక కోడెదూడను అచ్చుబోసి ఊరి మీదికి వదిలేవారు. ఏ దూడ పడితే ఆ దూడ పనికిరాదు. తల్లి పాడి ఏపాటిదో, తండ్రి ఏ ఆబోతో, మూపురం నిలబడి ఉందా, కాళ్ల పొందిక ఎలా ఉందన్నది ఊరి పెద్దలు చూసి ఒప్పుకోవాలి. అలా ఎన్నిక చేసిన ఆబోతు ఊరి చేలన్నిటా తిరుగుతూ మేసేది, ఊరి ఆవులన్నిటికీ అదే దాటేది. ఎంపిక అంటే ఇదే. ఎవరి ఆబోతుకు ఎవరి ఆవు ఈనిందో పెద్దవాళ్ల నోట ఉండేది. పూర్వం నెల్లూరు జిల్లాలో భాగమైన ఒంగోలు ప్రాంతపు పశువులు మద్రాసు రేవు మీదుగా ‘నెల్లూరు పశువులు’ అన్న పేరుతోనే ఓడలెక్కాయి. అందుకే పోర్చుగీసులో అవి నెలోరె అయ్యాయి.

బ్రెజిల్ చరిత్రలో చెప్పుకునే తొలి జంట 1868లో ఇంగ్లండుకు వెళ్తున్న ఓడ బహియా రాష్ట్రంలోని సాల్వదోర్ రేవులో ఆగినప్పుడు అక్కడే అమ్ముడుపోయింది. పదేళ్లకు, అంటే 1878లో, రియో ప్రాంతపు పశుపోషకుడు మనోయెల్ లెమ్‌గ్రూబర్ జర్మనీలోని హాంబర్గ్ జంతుశాలలో ఒక జంటను చూసి కొని తెచ్చుకున్నాడు. ఆ మంద సంతతిని నేటికీ లెమ్‌గ్రూబర్ వంశం అనే పిలుస్తారు. ఆపై త్రియాంగులో మినేరో రైతులు రంగంలోకి దిగారు. గ్రాండె, పరనైబా నదుల మధ్య త్రికోణాకారంలో ఉండే ఈ ప్రాంతానికి ఉబెరాబాయే వ్యాపార కేంద్రం, 1889లో రైలు వచ్చింది కూడా అక్కడికే. 1893లో తియోఫిలో ద గొడోయ్ ఇక్కడి నుంచి నేరుగా భారతదేశానికి వచ్చి పశువులను కొనుక్కుని వెళ్లాడు. ఆ బాటలో ఇంకెందరో నడిచారు.

అక్కడి నేలకు ఈ పశువు ఎంత సరిగ్గా అమరిందో చెప్పడానికి దాని చర్మం చాలు. పైన తెల్లని పొట్టి వెంట్రుక ఎండను తిప్పికొడుతుంది, కింద నల్లని చర్మం కమిలిపోకుండా కాస్తుంది. వదులుగా వేలాడే గంగడోలు వేడిని బయటికి పంపుతుంది. గోమార్లు అంత సులువుగా పట్టవు. ముతక గడ్డి మేసి మైళ్లు నడవగలదు. దూడ పుట్టేటప్పుడు చిన్నగా ఉంటుంది కాబట్టి, మనిషి సాయం లేని విశాలమైన బీళ్లలో కూడా ఆవు దానంతట అదే ఈనగలదు. ఐరోపా నుంచి తెచ్చిన పశువులు ఎండకూ గోమార్లకూ తట్టుకోలేక చిక్కిపోతున్న చోట ఇవన్నీ పెద్ద లాభాలే.

అయితే అప్పటి చదువుకున్న వర్గం దీన్ని ఒప్పుకోలేదు. సావో పావ్లోలో పలుకుబడి ఉన్న వైద్యుడు లూయిస్ పెరీరా బారెటో వంటివారు మూపురం ఉన్న పశువు మోటుదనీ, మాంసానికి పనికిరాదనీ, ‘కరాకు’ అనే స్థానిక జాతినే మెరుగుపరచాలనీ గట్టిగా వాదించారు. ఉబెరాబా రైతులు సంఘటితం కావడానికి మొదటి కారణం ఈ వ్యతిరేకత. రెండోది మాంసం ఎగుమతి. 1913లో బారెటోస్‌లో పెద్ద శీతల మాంసశాల మొదలైంది, మరుసటి ఏడే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. గడ్డకట్టిన మాంసానికి గిరాకీ పెరిగేసరికి బరువైన పశువు కావాల్సి వచ్చింది. మూపురం ఉన్న ప్రతి కోడెనూ భారతదేశపు రక్తమని చెప్పి అమ్మగలిగే ఆ సంతలో, పుట్టుకను నిలబెట్టే కాగితానికి విలువ వచ్చింది. 1919 ఫిబ్రవరిలో ఉబెరాబాలో ‘హెర్డ్ బుక్ జెబూ’ (జెబూ అంటే మూపురం ఉన్న పశువు) సంఘం పుట్టడానికి నేపథ్యం ఇది.

సంఘం పుట్టీ పుట్టగానే గండం ఎదురైంది. 1920లో భారతదేశం నుంచి బ్రెజిల్‌కు వెళ్తూ బెల్జియంలోని యాంట్వెర్ప్ రేవులో ఆగిన మూపురపు పశువుల వల్ల అక్కడ ముసర వ్యాధి (రిండర్‌పెస్ట్) చెలరేగింది. ఐరోపా దేశాలు ఎంత బెదిరాయంటే, 1924లో 28 దేశాలు పారిస్‌లో ఒప్పందం చేసుకుని అంతర్జాతీయ పశువ్యాధుల కార్యాలయాన్ని నెలకొల్పాయి. నేటి ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ అదే. 1921లో ఆ వ్యాధి సావో పావ్లోలోనూ బయటపడగానే బ్రెజిల్ ప్రభుత్వం భారతదేశపు పశువుల దిగుమతికి తలుపులు మూసింది. 1930లో ప్రత్యేక అనుమతితో వచ్చిన మంద వంటి ఒకటి రెండు మినహాయింపులను పక్కన పెడితే, నలభై ఏళ్ల పాటు కొత్త రక్తం లేదు. ఉన్నవాటిలోంచే ఎంచుకోవాలి, ఎంచుకోవాలంటే రాసిపెట్టుకోవాలి. సంఘానికి నిజమైన పని దొరికింది ఈ నిషేధం వల్లనే అని నా అభిప్రాయం.

1934లో ఈ సంఘమే త్రియాంగులో మినేరో గ్రామీణ సమాజంగా మారింది. 1938లో వ్యవసాయ మంత్రిత్వ శాఖ జాతుల నమోదు బాధ్యతను దానికి అప్పగించడంతో ఒక ప్రాంతపు రైతుల పుస్తకానికి దేశం మొత్తం మీద చెల్లుబాటు వచ్చింది. నెలోరె, గిర్, గుజెరా (మన కాంక్రేజ్), ఇండుబ్రజిల్ జాతులకు లక్షణాలు నిర్ణయించి రాశారు. 1941లో ఉబెరాబాలోని ఫెర్నాండో కోస్టా ప్రదర్శన మైదానాన్ని దేశాధ్యక్షుడు జెటూలియో వర్గస్ ప్రారంభించాడు. ఏటా ఏప్రిల్ చివర, మే మొదట్లో ఎక్స్‌పోజెబూ అనే పశు ప్రదర్శన జరిగేది నేటికీ అక్కడే.

ఈ దశలో సంఘం తప్పుదారి పట్టిన సంగతిని దాచకూడదు. ఇండుబ్రజిల్ అన్నది మూడు భారతీయ జాతులను కలిపి ఆ ప్రాంతంలోనే తయారుచేసిన పశువు. దాని గుర్తు పొడుగాటి చెవులు. చెవి ఎంత వేలాడితే అంత మేలిమి అన్న మోజు పెరిగి, కొనేవాడు పశువు తొడను చూడటం మాని చెవిని చూశాడు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఆబోతుల ధరలు అప్పుల మీద అప్పులతో ఆకాశానికి ఎగిశాయి. 1940ల మధ్యలో అప్పు పుట్టడం ఆగిపోగానే అవి ఒక్కసారిగా కూలిపోయి, ఎన్నో కుటుంబాలు చితికిపోయాయి. పుస్తకం పుట్టుకనైతే రాసింది కానీ, పశువు దేనికి పనికొస్తుందో రాయలేదు. ఆ లోటు తీరడానికి మరో పాతికేళ్లు పట్టింది.

పొట్టి చెవుల నెలోరె ముందుకొచ్చింది ఆ తరవాతే. నెలోరె పెంపకందారులు 1954లో తమకంటూ ప్రత్యేక జాతీయ సంఘం పెట్టుకున్నారు. 1960ల మొదట్లో చివరి పెద్ద దిగుమతులకు ప్రభుత్వం ఒప్పుకుంది. అట్లాంటిక్ నడుమ ఉన్న ఫెర్నాండో ద నొరోన్యా దీవిలో పశువులను నెలల తరబడి విడిగా ఉంచి, రోగం లేదని తేలాకే ప్రధాన భూభాగంలోకి రానిచ్చారు. 1962లో ఉబెరాబాకు చెందిన తోరెస్ ఓమెమ్ రొద్రిగెస్ ద కున్యా తెచ్చిన ఆబోతు పేరు కర్వాది. ఒంగోలు పక్కన కరవది ఊరి పేరే అది. చెకురుపాడు, గోదావరి, ఆకాశము, తాజ్‌మహల్, గోలియాస్ అన్నవి ఆ దఫా వచ్చిన మరికొన్ని ఆబోతుల పేర్లు. నేటి నెలోరె వంశావళుల్లో వెనక్కి నడిస్తే చాలావాటిలో ఈ పేర్లలో ఏదో ఒకటి తగులుతుంది. పోర్చుగీసు నాలుక మీద నలిగినా ఊరి పేరు ఊరి పేరుగానే అరవై ఏళ్లుగా ఆ కాగితాల మీద నిలిచి ఉండటం, ఆ ఊళ్ల మీదుగా పోయే మనబోటివాళ్లకు కళ్లు చెమర్చే విషయమే.

1967లో గ్రామీణ సమాజం బ్రెజిల్ జెబూ పెంపకందారుల సంఘంగా, అంటే ఏబీసీజడ్‌గా మారింది. ఆ మరుసటి ఏడాది నుంచి దూడలను తూకం వేయడం మొదలుపెట్టింది. నా లెక్కలో ఈ సంఘ చరిత్రలో అసలైన మలుపు ఇదే. దూడకు 205 రోజులు నిండినప్పుడు, అంటే తల్లిని విడిచే వేళకు ఎంత తూగింది, ఏడాదికి ఎంత, 550 రోజులకు ఎంత అన్నది ఒకే పద్ధతిలో రాసుకుంటారు. 205వ రోజు తూకం తల్లి పాలు చెబుతుంది, 550వ రోజు తూకం దూడ సొంత సత్తా చెబుతుంది. ఒకే మేత మీద పెరిగిన దూడలను ఒకదానితో ఒకటి పోల్చి, ఆ తేడాను తండ్రుల వారీగా కూడితే ఏ ఆబోతు సంతతి సగటున ఎన్ని కిలోలు ఎక్కువ తూగుతుందో అంచనా వస్తుంది. కృత్రిమ గర్భధారణ వ్యాపించాక అలాంటి ఒక్క ఆబోతు వేలాది మందలకు తండ్రి కాగలిగింది.

నమోదు ఎలా జరుగుతుందో దగ్గరగా చూస్తే సంఘం బలం తెలుస్తుంది. ఆవును దాటించిన తేదీని రైతు ముందే తెలపాలి. దూడ పుట్టాక మళ్లీ తెలపాలి. రెండు తేదీల మధ్య చూడి కాలానికి లెక్క కుదరకపోతే దూడ పుస్తకంలోకి ఎక్కదు. మొదట పుట్టుక నమోదు, పెరిగాక శాశ్వత నమోదు. రెండోదానికి సంఘపు నిపుణుడు దొడ్డి దగ్గరికి స్వయంగా వస్తాడు. ముట్టె నల్లగా ఉందా, చెవి బల్లెం మొనలా పొట్టిగా తిరిగిందా, మూపురం సరైన చోట కూర్చుందా, బొడ్డు తోలు మరీ కిందికి వేలాడుతోందా అన్నవి ఒక్కొక్కటిగా చూస్తాడు. పొదల్లో తిరిగే ఆబోతుకు బొడ్డు తోలు వేలాడితే ముళ్లు గీరుకుని పుండ్లు పడతాయి, ఆపై అది దాటడానికి పనికిరాదు కాబట్టి అది అందం కోసం పెట్టిన నియమం కాదు. అన్నీ కుదిరితే పీత ఆకారపు ముద్రను కాల్చి వాత వేస్తారు. నియమాలు ఒప్పుకోని లోపం ఒక్కటి కనిపించినా యజమాని ఎంత పెద్దవాడైనా వాత పడదు. తన పశువును కాదనే అధికారాన్ని తానే ఇంకొకరి చేతికి ఇవ్వడానికి రైతు ఒప్పుకోవడం మీదే ఈ వ్యవస్థ అంతా నిలబడింది.

సంఖ్య విషయానికి వస్తే, దాదాపు వంద ఏళ్లలో భారతదేశం నుంచి బ్రెజిల్‌కు వెళ్లిన మూపురపు పశువులు అన్ని జాతులవీ కలిపి ఆరు వేల పైచిలుకేనని అక్కడి చరిత్రకారుల లెక్క. నేడు ఆ దేశంలో 20 కోట్లకు పైగా పశువులుంటే అత్యధికం మూపురం ఉన్నవే, అందులోనూ ప్రధానం నెలోరె. స్థానిక ఆవులను భారతీయ ఆబోతులతో తరం తరవాత తరం దాటిస్తూ పోవడం వల్లనే ఇది సాధ్యమైంది. తల్లి వైపు నుంచి మాత్రమే సంక్రమించే డీఎన్‌ఏను పరీక్షించినప్పుడు, చూపుకు అచ్చమైన నెలోరె ఆవుల్లోనూ ఐరోపా మూలపు తల్లుల ఆనవాలు బయటపడింది. మేత వైపు నుంచి వచ్చిన సాయమూ తక్కువది కాదు. ఆఫ్రికా నుంచి వచ్చిన బ్రాకియారియా గడ్డిలో మరండు అనే రకాన్ని ప్రభుత్వ పరిశోధన సంస్థ ఎంబ్రాపా 1984లో విడుదల చేశాక, మధ్య బ్రెజిల్‌లోని సెరాడో బీళ్లు చాలా మటుకు ఆ పచ్చికతో నిండాయి.

ఈ విజయానికి ఖరీదు ఉంది. కొద్ది ఆబోతుల రక్తమే దేశమంతా పరుచుకోవడంతో దగ్గరి రక్తసంబంధపు దాట్లు పెరిగి, జాతి లోపలి వైవిధ్యం కుంచించుకుపోయింది. పచ్చిక బీళ్ల కోసం అమెజాన్ అడవిని నరికిన చోటల్లా ముందుగా అడుగుపెట్టినవాటిలో ఈ తెల్ల పశువూ ఉంది. ఆ బాధ్యత పశువుది కాకపోయినా, పరిశ్రమది కాకుండా పోదు.

ఇక ఇక్కడి సంగతి. ఒంగోలు ఎద్దు దుక్కికి, ఆవు పాడికి అన్నట్టు ఈ జాతి పెరిగింది. మాంసం కోసం పెంచడం మన రైతు ఆలోచనలోనే లేదు. ట్రాక్టరు వచ్చాక ఎద్దుకు పని పోయింది. పాల కోసం గేదెలూ సంకరజాతి ఆవులూ ముందుకొచ్చాయి. బరువు అనే ఒక్క ప్రయోజనం చుట్టూ అక్కడ జాతి నిలబడితే, ఇక్కడ ఉన్న రెండు ప్రయోజనాలూ చేజారాయి. గుంటూరు దగ్గర లాం పరిశోధన కేంద్రం, నెల్లూరు జిల్లా చింతలదేవిలోని జాతీయ కామధేను కేంద్రం ఈ జాతి మీద పనిచేస్తున్నాయి. కేంద్ర ప్రభుత్వపు వంశావళి నమోదు పథకానికి ఒంగోలులో విభాగం ఉంది, పాల దిగుబడిని కొలిచి మేలైన ఆవులను అది నమోదు చేస్తుంది. ఇది మంచి పనే. కానీ ఆ పుస్తకం ప్రభుత్వానిది, రైతుది కాదు. రెండు మూడు ఆవులున్న మన రైతుకు దాటు తేదీ రాయించడమూ, తూకం వేయించడమూ ఖర్చుగానే కనిపిస్తాయి, ఎందుకంటే నమోదైన దూడకూ కాని దూడకూ సంతలో ధర తేడా పెద్దగా ఉండదు. వేల పశువులున్న బ్రెజిల్ భూస్వామికి ఆ తేడాయే ఆదాయం. అచ్చుబోసిన ఆబోతును పొలంలో మేయనిచ్చే ఆచారం కూడా ఊళ్లలో సన్నగిల్లింది. రాత లేని ఆ పాత సంఘం స్థానంలో రాత ఉన్న కొత్తది రైతుల చేతుల మీదుగా రావాలంటే, ముందు నమోదైన ఒంగోలు కోడెదూడకు నాలుగు డబ్బులు ఎక్కువ పెట్టి కొనే ఏర్పాటు ఏదో ఒకటి ఉండాలి.