కాకరపువ్వొత్తుల వెలుగులో ఫోటోలు: అపోహలు - వాస్తవాలు

దీపావళి వారం ఉందనగానే కర్నూలులో మా స్టూడియోకి వచ్చేవాళ్లు అడిగేది ఒకటే. "అన్నా, పోయినసారి పాప కాకరపువ్వొత్తి పట్టుకుంటే తీసిన ఫోటోల్లో మొహమే సరిగ్గా పడలేదు. కెమెరా మార్చాలా?" మార్చక్కర్లేదు. ఆ ఫోటోకి లైటు ఆ ఒత్తే. దాని వెలుగు మొహం మీద పడేలా మనిషిని నిలబెట్టగలిగితే సగం పని అయిపోయినట్టే.

అపోహ: చీకటి కదా, ఫ్లాష్ వెయ్యాల్సిందే.

వాస్తవం: ఫ్లాష్ నేరుగా కొడితే మొహం సున్నం పూసినట్టు తెల్లగా వస్తుంది, బుగ్గల మీది ఆ బంగారు రంగు పోతుంది. ఆ రంగు కోసమే కదా తీసేది! ఫ్లాష్ ఆపేసి, సెట్టింగులన్నీ మనమే పెట్టుకునేలా కెమెరాని మాన్యువల్‌లో పెట్టండి. లెన్స్ ఎంత తెరుచుకోవాలో చెప్పే ఎఫ్ నంబరు 2.8, వెలుగుని కెమెరా ఎంత బాగా పట్టుకోవాలో చెప్పే ఐఎస్‌ఓ 800 నుంచి 1600, షట్టర్ తెరిచి ఉండే సమయం సెకనులో 60వ వంతు నుంచి 125వ వంతు. ఆటోలో వదిలేస్తే వెనకున్న నలుపు చూసి కెమెరా వెలుగు పెంచేస్తుంది, రవ్వలన్నీ తెల్లటి ముద్దగా మారతాయి. రంగుల్ని సరిచేసే వైట్ బ్యాలెన్స్ మాత్రం డేలైట్‌లో ఉంచండి.

ఒత్తికీ మొహానికీ మధ్య దూరం రెట్టింపైతే మొహం మీద పడే వెలుగు దాదాపు నాలుగో వంతుకి తగ్గిపోతుంది. అలాగని ఒత్తిని మొహం దగ్గరికి తేవద్దు, చెయ్యి చాపే పట్టుకోవాలి. తగ్గిన వెలుగుకి నేను చేసేది ఒకటే, మనిషిని సున్నం వేసిన గోడ పక్కన నిలబెడతాను. గోడ నుంచి తిరిగొచ్చే వెలుగు చీకట్లో ఉన్న రెండో చెంపని కూడా చూపిస్తుంది. మా వైపు ఇళ్ల ముందు పరిచే లేతరంగు బేతంచెర్ల నాపరాళ్లు కూడా కింద నుంచి కొంత సాయం చేస్తాయి.

మరీ చిన్నపిల్లల చేతికి ఒత్తి ఇవ్వనే వద్దు. అవ్వ పట్టుకుంటే పక్కన కాస్త ఎడంగా నిలబడి నోరు తెరుచుకుని చూసే పిల్లాడి మొహం తియ్యండి. నేను తీసినవాటిలో నాకు బాగా నచ్చినవన్నీ అలాంటివే.

అపోహ: రవ్వలు గీతల్లా రావాలంటే షట్టర్ చాలాసేపు తెరిచి ఉంచాలి.

వాస్తవం: రవ్వ ఎగిరే వేగానికి సెకనులో 60వ వంతు చాలు, గీత పడుతుంది. గాల్లో పేరు రాయడం వేరే పని. దానికి ట్రైపాడ్, ఐఎస్‌ఓ 100, ఎఫ్ 8 లేదా 11, నాలుగైదు సెకన్లు కావాలి. అంతసేపు మనిషి కదలకుండా ఉండలేడు కాబట్టి మొహం అలుక్కుపోతుంది. ఫ్లాష్ పనికొచ్చేది ఇక్కడే. షట్టర్ మూసుకునే ముందు తక్కువ పవర్‌తో ఒక్కసారి వెలిగేలా, రియర్ కర్టెన్ సింక్‌లో పెట్టుకోండి.

మనకి ఎదురుగా నిలబడి రాసిన అక్షరాలు ఫోటోలో తిరగబడి వస్తాయి. చాలామంది ఫోటో మొత్తాన్ని తిప్పేస్తారు. అక్షరాలు సరిపోతాయి కానీ ఎడమ భుజం మీది పైట కుడి భుజం మీదకి పోతుంది. ఆల్బమ్ చూసిన అమ్మమ్మలు ముందు పట్టుకునేది దాన్నే. అక్షరాల భాగాన్ని మాత్రమే విడిగా తిప్పండి.

అపోహ: బాగా చీకటి పడ్డాకే తియ్యాలి.

వాస్తవం: దీపావళి రోజుల్లో ఇక్కడ 6 గంటలలోపే పొద్దు గూకుతుంది. ఆ తర్వాతి 20, 30 నిమిషాలు ఆకాశం ముదురు నీలంగా ఉంటుంది. ఆ నీలం ముందు ఒత్తి పసుపు ఎంత బాగుంటుందో ఒక్కసారి చూస్తే మీరే ఆ సమయం కోసం ఎదురుచూస్తారు. పాతబస్తీ మిద్దె మీద నుంచి కొండారెడ్డి బురుజు కనబడుతుంటే అది కూడా ఫ్రేములోకి వస్తుంది. ఆ సమయం దాటితే అమావాస్య కాబట్టి వెన్నెల కూడా ఉండదు, వెనకంతా నలుపే. అప్పుడు ఫోకస్ కూడా కుదరదు. ఒత్తి వెలిగించక ముందే మొహం మీద టార్చ్ వేసి ఫోకస్ చేసుకుని, ఫోకస్‌ని మాన్యువల్‌కి మార్చి వదిలెయ్యండి.

ఫోన్‌తో రాదనేది కూడా అపోహే. నైట్ మోడ్ ఆపండి, స్క్రీన్‌లో మొహం కనబడేచోట తాకి వెలుగు కాస్త తగ్గించండి.

అపోహ: కాకరపువ్వొత్తి ప్రమాదం లేనిది.

వాస్తవం: మండేటప్పుడు దాని వేడి 1000 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. ఆరిపోయాక కూడా తీగ కాలుతూనే ఉంటుంది. ఒక ఇంట్లో షూట్ చేస్తున్నప్పుడు ఎవరో కింద పడేసిన తీగని ఒక పిల్లాడు ఒట్టికాలితో తొక్కాడు. నేను కెమెరాలో చూస్తున్నాను, కింద చూడలేదు. ఆ ఏడుపు ఇప్పటికీ నా చెవుల్లోంచి పోలేదు. అప్పటి నుంచి నీళ్ల బకెట్ పక్కన పెట్టించాకే బ్యాగు తెరుస్తున్నాను. కాలిన తీగ నేరుగా అందులోకే పోవాలి. అందరికీ చెప్పులు, నూలు బట్టలు ఉండాలి. సిల్కు ఓణీ అయితే కొంగు దోపుకోవాలి. ఎక్కడైనా కాలితే 20 నిమిషాలు మామూలు కుళాయి నీళ్ల కింద ఉంచండి. ఐస్ పెట్టొద్దు, టూత్‌పేస్ట్ రాయొద్దు. బొబ్బ లేస్తే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.