పాకీ పని నిషేధం: చట్టానికీ తీర్పుకూ మధ్య 21 ఏళ్లు

మనిషి చేత మలం ఎత్తించడం నేరమని పార్లమెంటు 1993లోనే చట్టం చేసింది. 2014లో సుప్రీంకోర్టు అదే సంగతి మళ్లీ గట్టిగా చెప్పాల్సి వచ్చింది. ఈ రెండింటి మధ్యకాలపు చరిత్ర తెలియకపోతే నేటి మ్యాన్‌హోల్ చావులు వట్టి ప్రమాదాల్లా కనిపిస్తాయి.

తొలి చట్టం పుట్టుకలోనే బలహీనం. పారిశుద్ధ్యం రాష్ట్రాల అంశం కాబట్టి ఆంధ్రప్రదేశ్, కర్ణాటక సహా ఆరు రాష్ట్రాలకు, కేంద్రపాలిత ప్రాంతాలకే మొదట వర్తించింది. మిగతా రాష్ట్రాలు తీర్మానం చేస్తేనే అక్కడ చెల్లుతుంది. అమల్లోకి రావడానికే 1997 జనవరి 26 దాకా పట్టింది. శిక్ష గరిష్ఠంగా ఏడాది జైలు, 2,000 రూపాయల జరిమానా. అన్నిటికన్నా పెద్ద లోపం మరొకటి: ప్రభుత్వం నియమించిన అధికారి అనుమతి ఇవ్వనిదే కేసు నడవదు. చాలా ఊళ్లలో పాకీ వాళ్లను పనిలో పెట్టుకున్నది మున్సిపాలిటీయే. అంటే తప్పు చేసిన యంత్రాంగమే తన మీద కేసుకు అనుమతి ఇవ్వాలన్నమాట.

కోలార్ బంగారు గనుల దగ్గర ఇదే పని చేసిన తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, ఐఏఎస్ అధికారిగా పనిచేసిన ఎస్.ఆర్. శంకరన్ తదితరులు 1990ల మధ్యలో పాకీ పని నిర్మూలన కోసం సఫాయి కర్మచారి ఆందోళన్‌ అనే సంస్థను నిలబెట్టారు. 2003లో ఆ సంస్థ, మరికొన్ని సంఘాలు, పాకీ పని చేసిన ఏడుగురు కలిసి సుప్రీంకోర్టులో రిట్ వేశారు. ఆధారం రాజ్యాంగంలోని 14 (సమానత్వం), 17 (అంటరానితనం నిషేధం), 21 (జీవించే హక్కు), 23 (వెట్టిచాకిరీ నిషేధం) అధికరణాలు.

రాష్ట్రాలు ఒకదాని తర్వాత ఒకటి ‘మా దగ్గర ఎవరూ లేరు’ అని అఫిడవిట్లు వేశాయి. దానికి బదులుగా ‘వేలమంది ఉన్నారు’ అంటే కోర్టులో నిలవదు. ఏ ఊరు, ఏ వీధి, మరుగుదొడ్డి ఎవరిది, ఎత్తేది ఎవరు, ఫోటో ఏది అన్నవన్నీ కావాలి. కార్యకర్తలు వాడవాడా తిరిగి ఆ ఆధారాలు పోగుచేశారు. పదకొండేళ్లు కేసు బతికింది వాటి బలంతోనే అని మా నమ్మకం. కేసు నడుస్తుండగానే 2011 జనగణన కూడా మనుషులే మలం ఎత్తే దొడ్లు దేశంలో 7.94 లక్షలని తేల్చింది.

2013లో కొత్త చట్టం వచ్చి, ఆ డిసెంబరు 6న అమల్లోకొచ్చింది. కాలవలు, గుంతలు, రైలు పట్టాల మీది మలం ఎత్తడం కూడా పాకీ పని నిర్వచనంలో చేరాయి. రక్షణ లేకుండా మురుగు కాలవల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో మనిషిని దింపితే మొదటిసారి రెండేళ్ల జైలు లేదా 2 లక్షల జరిమానా, లేదా రెండూ. కానీ ఒక సందు మిగిల్చారు: తగిన పరికరాలు, రక్షణ దుస్తులు ఇచ్చి చేయిస్తే అది పాకీ పని కిందికి రాదు. గ్లవుజులు చేతికిచ్చి చట్టం పాటించామని చెప్పుకోవడానికి ఈ సందు పనికొస్తోంది.

2014 మార్చి 27 తీర్పు 1993 నుంచి మురుగు కాలవల్లో చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికీ 10 లక్షలు ఇవ్వమంది. 2023 అక్టోబరులో మరో కేసులో సుప్రీంకోర్టు దాన్ని 30 లక్షలకు పెంచింది.

2013, 2018 సర్వేల్లో పాకీ పనివాళ్లుగా ప్రభుత్వం గుర్తించినవాళ్లు 58,098 మంది. మురుగులో దిగి చనిపోయేవాళ్లు ఈ లెక్కలోకి రారు. వాళ్లది ‘ప్రమాదకర శుభ్రత’ అనే వేరే ఖాతా. అందుకే పాకీ పని లేదన్న ప్రకటన, మరణాల పట్టిక రెండూ ఒకే పార్లమెంటులో వినిపిస్తాయి.

ఆ చావులకు ముఖ్య కారణం హైడ్రోజన్ సల్ఫైడ్. గాఢత పెరిగితే అది ముక్కుకు వాసన తెలిసే శక్తినే చంపేస్తుంది. వాసన లేదు కదా అని దిగినవాడు పడిపోతాడు, కాపాడబోయి దిగిన రెండోవాడూ పడిపోతాడు.

ఆ తర్వాత కుటుంబం ఓడిపోయేది కాగితాల దగ్గరే. కాంట్రాక్టరు ఇచ్చిన పని ఆర్డరు ఉండదు. ఎఫ్‌ఐఆర్‌లో 2013 చట్టం సెక్షన్లు వేయకుండా నిర్లక్ష్యపు మరణమని మాత్రమే రాస్తారు. అలా రాస్తే పరిహారపు ఫైలు కలెక్టరు కార్యాలయంలో ఆగిపోతుంది. కాబట్టి ప్రమాదకర శుభ్రతను నిషేధించి శిక్షించే 7, 9 సెక్షన్లతో పాటు, మృతులు దళితులైతే 2015లో సవరించిన ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టంలో పాకీ పని చేయించడాన్ని నేరమనే 3(1)(జె) కూడా మొదటి రోజే రాయించాలి. పోస్టుమార్టంలో విషవాయువు ప్రస్తావన ఉందో లేదో చూసుకోవాలి.