సోడాబుడ్డి అద్దాల వెనుక జన్యువులు: ఒక వెతుకులాట కథ

కంటి పరీక్షకు పిల్లాడిని తీసుకెళ్తే డాక్టరు అడిగే మొదటి నాలుగైదు ప్రశ్నల్లో ఒకటి తప్పకుండా ఉంటుంది: "ఇంట్లో ఇంకెవరికైనా అద్దాలున్నాయా?" తల్లి తండ్రి వైపు చూస్తుంది, తండ్రి తన అద్దాలు సర్దుకుంటాడు. దూరం సరిగా కనిపించని హ్రస్వదృష్టి విషయంలో ఈ చిన్న ప్రశ్నకు పూర్తి జవాబు కోసం వందేళ్లకు పైగా వెతుకుతూనే ఉన్నారు. ఎక్కువ కాలం వెతికింది కంట్లో తప్పు చోట అని ఇప్పుడు తెలుస్తోంది.

ముందు కొలతల సంగతి. పెద్దవాళ్ల కనుగుడ్డు ముందు నుంచి వెనక్కి సుమారు 24 మిల్లీమీటర్లు ఉంటుంది. అది ఒక్క మిల్లీమీటరు ఎక్కువ సాగితే పవర్ రెండున్నర నుంచి మూడు డయాప్టర్ల (అద్దాల పవర్‌ను కొలిచే ప్రమాణం) దాకా మైనస్‌లోకి జారుతుంది. మైనస్ 6 దాటితే సాధారణంగా తీవ్ర హ్రస్వదృష్టి అంటారు. అలాంటి కళ్లు చాలావరకు 26 మిల్లీమీటర్లో, అంతకన్నా ఎక్కువో ఉంటాయి. అద్దాలు పెట్టుకుంటే చూపు సరిపోవచ్చు గానీ, సాగిన కన్ను మళ్లీ పొట్టిదవదు. లోపల కాంతిని పట్టే పొర, అంటే రెటీనా, పలచబడి చిరగవచ్చు, ఊడిరావచ్చు. చూపుకు కీలకమైన మధ్యభాగం దెబ్బతినవచ్చు. కంటి నరాన్ని దెబ్బతీసే గ్లాకోమా ముప్పు కూడా పెరుగుతుంది. లేజర్‌తో పవర్ తీయించుకున్నవాళ్లు చాలామంది ఈ ముప్పూ పోయిందనుకుంటారు. పోదు. లేజర్ మార్చేది కంటి ముందున్న పారదర్శక పొర కార్నియాను, వెనక సాగిన గోడను కాదు.

దూరపు వస్తువుల నుంచి వచ్చే కాంతి ఇలాంటి కంట్లో రెటీనాకు ముందే కలిసిపోతుందని 1604లోనే కెప్లర్ రాశాడు. గ్రహాల లెక్కలు కట్టిన ఆయనకే దూరం సరిగా కనిపించేది కాదు. కన్ను పొడవు పెరగడమే దీనికి మూలమని 1850ల్లో ఆర్ల్ట్ అనే వైద్యుడు చూపించాడు. మరి ఎందుకు పెరుగుతోంది? 1867లో కంటి వైద్యుడు హెర్మన్ కోన్ బ్రెస్లావ్ నగరంలో, అంటే నేటి పోలండ్‌లోని వ్రోత్స్‌వాఫ్‌లో, 10,060 మంది బడిపిల్లల కళ్లు పరీక్షించాడు. పల్లె బడుల్లో హ్రస్వదృష్టి తక్కువ, పెద్ద చదువుల బడుల్లో ఎక్కువ. పై తరగతులకు పోయేకొద్దీ ఇంకా ఎక్కువ. దాంతో నేరం బడి మీద, బల్లల మీద, గదిలో వెలుతురు మీద పడింది.

ఇరవయ్యో శతాబ్దం మొదలయ్యేసరికి గాలి మారింది. 1909లో లండన్‌లో గణాంక శాస్త్రవేత్త కార్ల్ పియర్సన్, ఆయనతో పనిచేసిన అమీ బారింగ్టన్ లెక్కలు వేసి, చూపు విషయంలో బడికన్నా వంశమే బలమైనదన్నారు. 1913లో స్విట్జర్లాండ్‌కు చెందిన అడాల్ఫ్ స్టైగర్ ఇంకా ముందుకు వెళ్లాడు. మనుషుల ఎత్తులో తేడాలున్నట్టే కార్నియా వంపులోనూ పుట్టుకతోనే తేడాలుంటాయనీ, ఆ వంపూ కంటి పొడవూ పొసగకపోతే అద్దాలు పడతాయనీ వాదించాడు. పియర్సన్ బృందానికి యూజెనిక్స్ పిచ్చి, అంటే మేలైన వంశాలనే పెంచాలనే వాదం, బాగా ఉండేదని గుర్తుపెట్టుకుని చదవాలి. అయినా వంశం మాటను ఎవరూ కొట్టిపారేయలేకపోయారు. 1962లో ఆర్నాల్డ్ సోర్స్‌బీ కవలలపై పరిశోధన ప్రచురించాడు. ఒకే అండం నుంచి పుట్టిన కవలల పవర్లు మిగతా కవలల కన్నా చాలా దగ్గరగా ఉన్నాయి. 2001లో లండన్‌లోనే జరిగిన మరో పెద్ద కవలల అధ్యయనం, మనిషికీ మనిషికీ మధ్య పవర్ తేడాల్లో 84 నుంచి 86 శాతం దాకా వారసత్వమేనని లెక్కగట్టింది.

ఈ శాతం చదివి చాలామంది బోల్తాపడ్డారు. 85 శాతం వంశపారంపర్యం అంటే నీ మైనస్ 10లో ఎనిమిదిన్నర అమ్మానాన్నలు ఇచ్చారని కాదు. ఒకే కాలంలో, ఒకే రకంగా చదువుకుంటూ పెరిగినవాళ్ల మధ్య తేడాలకే ఆ లెక్క వర్తిస్తుంది. కాలమే మారితే ఏమవుతుందో అప్పటికే అలాస్కాలో కనిపించింది. బారో ప్రాంతపు ఇన్యూట్ కుటుంబాలపై 1969లో వచ్చిన అధ్యయనంలో, బడి ఎరగని పెద్ద తరంలో హ్రస్వదృష్టి దాదాపు లేదు. బడికి వెళ్లిన చిన్న తరంలో సగం మందికి పైగా ఉంది. ఒక్క తరంలో జన్యువులు అంతగా మారవు కదా.

కథ మలుపు తిరిగింది మాత్రం అనుకోకుండా. విజెల్, రవియోలా అనే శాస్త్రవేత్తలు చూపుపై ప్రయోగాల్లో భాగంగా కోతిపిల్లల కనురెప్పలు కుట్టేశారు. కుట్టిన కన్ను పొడవుగా సాగిపోయిందని 1977లో ప్రకటించారు. అలా కుట్టిన కోతులను చీకట్లో పెంచితే కన్ను సాగలేదు. అంటే రెప్ప చాటు నుంచి మసగ్గా పడే వెలుతురే కంటిని పెంచుతోంది! ఆ తర్వాత కోడిపిల్లలతో చేసిన ప్రయోగాలు మరీ విచిత్రం. కంటి చూపులో సగం మాత్రమే మూస్తే ఆ సగం వైపు గోడే సాగింది. మెదడుకు వెళ్లే నరం తెంపినా సాగింది. ఎంత పెరగాలో, ఎక్కడ ఆగాలో చెప్పేది మెదడు కాదు, రెటీనాయే. గోడ ఆ మాట వింటుంది, అంతే.

ఇంత తెలిసినా, జన్యువుల వేట మొదలైనప్పుడు చాలామంది కళ్లు గోడ మీదే ఉన్నాయి. అందుకు కారణం లేకపోలేదు. స్టిక్లర్ సిండ్రోమ్, మార్ఫాన్ సిండ్రోమ్ లాంటి జబ్బుల్లో కీళ్లు, ఎముకలతో పాటు తీవ్ర హ్రస్వదృష్టి కూడా వస్తుంది. వాటి మూలం కొల్లాజెన్ లాంటి కట్టుబడి ప్రోటీన్లలో దొరికింది. అద్దాలు తప్ప వేరే జబ్బేమీ లేని కుటుంబాల్లోనూ అలాంటిదే దొరుకుతుందనుకున్నారు.

నిజానికి మొదటి ఆధారం వేరే దారి చూపింది. డెన్మార్క్‌కు చెందిన బోర్న్‌హోమ్ ద్వీపపు కుటుంబం ఒకటుంది. అందులో మగపిల్లలకు చిన్నప్పుడే పెద్ద మైనస్ పవర్, దానితో పాటు రంగుల్లో తేడా తెలియకపోవడం. 1990లో ఈ లక్షణం జాడ ఎక్స్ క్రోమోజోమ్ కొసన దొరికింది. దానికి ఎమ్‌వైపీ1 అని పేరు పెట్టారు. ఎరుపు, ఆకుపచ్చ రంగులను పట్టే ఆప్సిన్ జన్యువులు ఉండేది కూడా సరిగ్గా ఆ కొసనే. అయినా ఆ రెండిటినీ ముడివేయడానికి ఇరవై ఏళ్లు పైనే పట్టింది. ఈ కుటుంబాల్లో ఆప్సిన్ జన్యువులోని అక్షరాలు అరుదైన కూర్పులో ఉండి, ఒక రకం కోన్ కణాలకు (రెటీనాలో రంగులు పట్టే కణాలకు) కావలసిన వర్ణకం సరిగా తయారవదని 2013 నాటికి తేలింది. మామూలు వర్ణాంధతలో ఇలా పవర్ పెరగదు. ఇక్కడ రెటీనాలో పనిచేసే కోన్ పక్కనే పనిచేయని కోన్ ఉంటుంది. ఇంటి తెల్లగోడను చూస్తున్నా అలాంటి రెటీనా చుక్కలచుక్కలుగా సంకేతాలు పంపుతుందనీ, ఆ తప్పుడు గోలే కంటిని పెరగమంటుందనీ ఒక వివరణ.

1998లో టెర్రీ యంగ్ బృందం 18వ, 12వ క్రోమోజోమ్‌లలో రెండు చోట్లు గుర్తించింది. వాటిలో ఏ జన్యువు దోషో మాత్రం తేలలేదు. ఒకదాన్ని అనుమానించారు, తర్వాత కుటుంబాల్లో అది నిలబడలేదు. ఎమ్‌వైపీ వరుస సంఖ్య ఇప్పుడు 25 దాటింది. అందులో కొన్ని ఖాళీ చిరునామాల్లాంటివే: వీధి తెలుసు, ఇల్లు తెలియదు.

ఇక కుటుంబాలను వదిలి జనసమూహాలను చూడటం మొదలైంది. 2009లో జపాన్‌లో తీవ్ర హ్రస్వదృష్టిపై మొదటి జీనోమ్ వ్యాప్త అధ్యయనం (చాలామంది జన్యుపటాలను మొత్తంగా పోల్చి చూసేది) వచ్చింది. 2010లో ఒకే పత్రికలో రెండు బృందాలు 15వ క్రోమోజోమ్‌లో రెండు వేర్వేరు చోట్లు చూపించాయి. వాటిలో ఒకదాని దగ్గరున్న జీజేడీ2 జన్యువు చేసే పని, రెటీనా కణాల మధ్య విద్యుత్ సంకేతాలు నేరుగా దాటే సన్నని ద్వారాలు కట్టడం. మళ్లీ రెటీనాయే! 2018లో 1,60,420 మందితో చేసిన అధ్యయనం 161 చోట్లు గుర్తించింది. ఆ జన్యువుల్లో చాలా వాటి పని కాంతిని అందుకోవడం, ఆ సంకేతాన్ని ముందుకు పంపడం. 2020లో 5.4 లక్షల మందితో ఇంకా వందల చోట్లు చేరాయి. అన్నీ కలిపినా వారసత్వంలో సుమారు 18 శాతాన్నే వివరించగలిగాయి. ఒక్కో జన్యువు తోసేది గోరంత, తోసేవి మాత్రం వందలు.

ఒక్క జన్యువే గట్టిగా తోసే కుటుంబాలూ దొరుకుతూనే ఉన్నాయి. సౌదీ అరేబియాలో దగ్గరి బంధువులు పెళ్లాడిన కుటుంబాల్లో ఎల్‌ఆర్‌పీఏపీ1 అనే జన్యువు 2013లో బయటపడింది. నాకు మాత్రం అన్నిటికన్నా వింతగా అనిపించేది 2016లో చైనా కుటుంబాల్లో దొరికిన ఏఆర్‌ఆర్3. కోన్ కణంలో కాంతి సంకేతాన్ని ఆపే ప్రోటీన్ ఇది. ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంది కాబట్టి మగవాళ్లకు జబ్బు రావాలి, ఆడవాళ్లు మోసుకు తిరగాలి. ఇక్కడ తలకిందులు: ఆడవాళ్లకే చిన్న వయసులో పెద్ద పవర్, మార్పు ఉన్న మగవాళ్ల చూపు బాగానే ఉంటుంది. ఆడవాళ్ల ఒక్కో కణంలో రెండు ఎక్స్‌లలో ఒకటే పనిచేస్తుంది. కాబట్టి వాళ్ల రెటీనాలో మంచి కోన్‌లూ, దెబ్బతిన్న కోన్‌లూ కలగాపులగంగా ఉంటాయి. మగవాళ్లలో అన్నీ ఒకే రకం. బోర్న్‌హోమ్‌లో చూసిన పక్కపక్క కోన్‌ల గోలే ఇక్కడా ఉండవచ్చు.

పుస్తకమా వంశమా అనే పాత గొడవలో ఒక ముడిని కూడా జన్యువులే విప్పాయి. హ్రస్వదృష్టి ఉన్నవాళ్లు ఎక్కువ చదువుతారా, ఎక్కువ చదివినవాళ్లకు హ్రస్వదృష్టి వస్తుందా? బ్రిటన్‌లో సుమారు 68 వేల మంది జన్యు సమాచారంతో 2018లో లెక్కచూస్తే, చదువులో ఒక్కో ఏడాది పెరిగేకొద్దీ పవర్ సగటున 0.27 డయాప్టర్లు మైనస్ వైపు జరిగింది. తిరుగు దిశలో చెప్పుకోదగ్గ ప్రభావం కనిపించలేదు. బడిపిల్లలను పరీక్షించిన హెర్మన్ కోన్ పట్టుకున్నది సరైనదే, కానీ అందరు పిల్లలూ ఒకేలా లొంగరు.

అందుకే డాక్టరు ప్రశ్నకు జవాబు పిల్లాడి వయసును బట్టి మారుతుంది. పదేళ్లకు మైనస్ 1తో మొదలై పదహారేళ్లకు మైనస్ 6కు చేరినవాడికి జన్యు పరీక్ష ఇప్పుడైతే పెద్దగా చెప్పేదేమీ ఉండదు. వాడికి రోజూ ఆరుబయట గడిపే సమయం, పవర్ పెరుగుదలను నెమ్మదింపజేసే చుక్కల మందు, ప్రత్యేక అద్దాల గురించి మాట్లాడాలి. మూడేళ్లకే మైనస్ 8 ఉన్న పిల్ల సంగతి వేరు. బడి మొహం చూడని కంటికి అంత పవర్ రావడం వెనుక స్టిక్లరో, రేచీకటి తెచ్చే రెటీనా జబ్బో దాగి ఉండవచ్చు. స్టిక్లర్ అని తేలితే రెటీనా ఊడకముందే చుట్టూ లేజర్‌తోనో, అతిచల్లదనంతో గడ్డకట్టించే చికిత్సతోనో అతుకు వేసే వీలుంది. ఆమె తోబుట్టువుల కళ్లు కూడా అదే వారం చూడాలి.