సముద్రతీరపు పాత కాటేజీలు: నేషనల్ రిజిస్టర్ గురించి అపోహలు – వాస్తవాలు

అమెరికా తూర్పు తీరంలో 1950, 60 దశకాల నాటి చిన్న వేసవి కాటేజీలను కొనుక్కున్న తెలుగు కుటుంబాలు నన్ను తరచుగా ఒకే ప్రశ్న అడుగుతుంటాయి. పట్టణం తరఫున ఎవరో వచ్చి ఫోటోలు తీసుకెళ్లారనో, మీ ఇంటికి చారిత్రక ప్రాముఖ్యం ఉండవచ్చని ఉత్తరం వచ్చిందనో చెప్పి, ఇకపై గోడకు మేకు కొట్టాలన్నా ప్రభుత్వాన్ని అడగాలా అని కంగారు పడతారు. ఏళ్ల తరబడి కూడబెట్టిన డబ్బు పెట్టినవారికి ఆ కంగారు సహజం. నా కోపమంతా దాన్ని పెంచే పుకార్ల మీదనే. చారిత్రక కట్టడాలను పరిశీలించి, నేషనల్ రిజిస్టర్‌లో, అంటే అలాంటి కట్టడాల ఫెడరల్ ప్రభుత్వ జాబితాలో, చేర్చమని కోరే నామినేషన్లు రాయడం నా వృత్తి.

అపోహ: నేషనల్ రిజిస్టర్‌లో చేరిన ఇంటిని యజమాని ముట్టుకోకూడదు.

వాస్తవం: 1966 నాటి నేషనల్ హిస్టారిక్ ప్రిజర్వేషన్ చట్టం బాధ్యతలు మోపింది ఫెడరల్ సంస్థల మీద. ఫెడరల్ నిధులు గాని, లైసెన్సు గాని, అనుమతి గాని ముడిపడని పని అయితే, రిజిస్టర్‌లో ఉన్న తన ఇంటికి యజమాని సొంత ఖర్చుతో కిటికీలు మార్చుకోవచ్చు, గది కలుపుకోవచ్చు, చివరికి ఇంటిని కూల్చుకోవచ్చు కూడా. ఈ ఆఖరి మాట రాయడం నాకు బాధగానే ఉంది, కానీ చట్టం అదే. పైగా 1980 సవరణల ప్రకారం, ప్రైవేటు యజమాని నోటరీ చేయించిన అభ్యంతరాన్ని పంపితే ఆ ఇంటిని రిజిస్టర్‌లో చేర్చరు. నిజంగా ఆంక్షలు పెట్టగలిగేవి స్థానిక చట్టాలు, అంటే పట్టణం ఏర్పరచిన హిస్టారిక్ డిస్ట్రిక్ట్ నియమాలు, కూల్చివేతను కొంతకాలం ఆపే బైలాలు (పట్టణ నిబంధనలు). మీ ఇల్లు వాటి పరిధిలో ఉన్నదా లేదా అన్నది పొరుగువారిని కాక పట్టణ కార్యాలయాన్ని అడగవలసిన సంగతి.

ఈ తేడా తెలియక నష్టపోయిన ఒక దంపతులు నాకు ఇప్పటికీ గుర్తుకొస్తుంటారు. పట్టణం చారిత్రక ఇళ్ల సర్వే జరిపితే చేతులు కట్టేస్తారని ఎవరో చెప్పగా, వారు హడావిడిగా చెక్క కిటికీలు పీకించి వైనిల్ కిటికీలు పెట్టించారు, సెడార్ పలకల మీద వైనిల్ సైడింగ్ కొట్టించారు, ఇల్లు నిలిచిన స్తంభాల మధ్య ఖాళీని గోడలతో మూయించారు. తరువాత కాటేజీని అద్దెకిచ్చే వ్యాపారంగా నడపాలనుకుని, చారిత్రక కట్టడాల మరమ్మతుల ఖర్చులో 20 శాతం ఫెడరల్ పన్ను క్రెడిట్‌గా, అంటే కట్టవలసిన పన్నులో తగ్గింపుగా, వస్తుందని విని నా దగ్గరకు వచ్చారు. అప్పటికి ఆ ఇంటిలో డిజైన్, సామగ్రి, పనితనం మూడూ చెదిరిపోయాయి గనుక నామినేషన్‌కు ఆధారమే మిగలలేదు. “ఒక్క ఫోన్ చేసి అడిగి ఉండాల్సింది, అన్నయ్యగారూ” అని ఆవిడ అన్నప్పుడు నాకు ఏమని ఓదార్చాలో తెలియలేదు.

సముద్రపొడ్డున ఇంతకన్నా పెద్ద నష్టం వరద నిబంధనల దగ్గర జరుగుతుంది. ఫ్లడ్ జోన్‌లోని (వరద ముప్పు ఉన్నట్టు గుర్తించిన ప్రాంతంలోని) ఇంటికి చేసే పనుల ఖర్చు ఆ కట్టడపు మార్కెట్ విలువలో 50 శాతానికి చేరితే, ఇంటిని ప్రస్తుత వరద ప్రమాణాలకు తగిన ఎత్తుకు లేపవలసి వస్తుంది. ఇక్కడ లెక్కలోకి వచ్చేది స్థలం కాదు, కట్టడం ఒక్కటే. తీరంలో ధర పలికేది ఎక్కువగా స్థలమే కాబట్టి, పాత చెక్క కాటేజీకి పైకప్పు, ప్లంబింగ్, వైరింగ్ కలిపి చేయించేసరికే ఆ హద్దు దాటిపోవచ్చు. అయితే రిజిస్టర్‌లో ఉన్న ఇల్లు, పని పూర్తయ్యాక కూడా తన చారిత్రక హోదాను నిలుపుకునేటట్లయితే, దానిని ఈ షరతు నుంచి మినహాయించే వీలు ఫెడరల్ వరద బీమా నిబంధనలలోనే ఉన్నది. పట్టణాన్ని బట్టి అది నేరుగా గాని, వేరియెన్స్ (ప్రత్యేక సడలింపు) ద్వారా గాని లభిస్తుంది. నీటి ప్రమాదం మాత్రం మినహాయింపుతో తగ్గదు. విద్యుత్ పరికరాలను పైకి జరపడం వంటి జాగ్రత్తలు ఎలాగూ తీసుకోవాలి. చేతులు కట్టేస్తుందని భయపడి రిజిస్టర్‌కు దూరంగా ఉన్నవారు, తమ ఇంటిని ఉన్నచోట ఉన్నట్టుగా నిలబెట్టుకునే ఈ అవకాశాన్నే వదులుకుంటున్నారు.

అపోహ: పేరున్న ఆర్కిటెక్ట్ కట్టని ప్లైవుడ్ ఇంటికి చరిత్ర ఏముంటుంది?

దీనికి మసాచుసెట్స్ తీరంలోని కేప్ కాడ్‌లో ఉన్న వెల్‌ఫ్లీట్ పట్టణాన్ని చూపిస్తాను. జర్మనీలోని బౌహౌస్ డిజైన్ పాఠశాలలో చదివి, అక్కడే బోధించి, తరువాత హార్వర్డ్‌కు వచ్చిన ఆర్కిటెక్ట్ మార్సెల్ బ్రాయర్ 1949లో తన కుటుంబం కోసం అక్కడ చెరువుల దగ్గర, నేలకు ఎత్తుగా, పొడవాటి చెక్క కాటేజీ కట్టుకున్నాడు. ఆ పరిసరాల్లోనే జాక్ హాల్ అనే, ఆర్కిటెక్చర్ డిగ్రీ లేని మనిషి, 1960ల ఆరంభంలో హాచ్ దంపతుల కోసం సముద్రానికి ఎదురుగా ఒక చెక్క చట్రాన్ని నిలిపి అందులో గదులను విడివిడిగా అమర్చాడు. హాలులో నుంచి పడకగదికి పోవాలంటే ఆరుబయటి డెక్ మీదుగా నడవాలి. ఆ ఇల్లు నేడు నేషనల్ రిజిస్టర్‌లో ఉన్నది. యుద్ధానంతర కాలంలో ఒక కుటుంబం వేసవిని ఎలా గడపాలనుకున్నదో, చవక సామగ్రితో, నేలను చదును చేయకుండా, గాలికీ వెలుతురుకూ ఎలా చోటిచ్చిందో ఆ ఇంట్లో కనబడుతుంది. ప్రాముఖ్యం అంటే మేము వెతికేది అదే. పడకగదులు ఇరుకుగా, అందరూ కూర్చునే గది విశాలంగా ఉండటం కూడా ఆ చరిత్రలో భాగమే.

ఇటువంటి ఇళ్లను కొత్తవని కొట్టిపారేసిన రోజులున్నాయి. 1961 ఆగస్టు 7న కేప్ కాడ్ నేషనల్ సీషోర్ అనే జాతీయ పరిరక్షిత తీరప్రాంతం ఏర్పడినప్పుడు, 1959 సెప్టెంబరు 1 తరువాత కట్టడం మొదలైన ఇళ్లకు ప్రభుత్వ స్వాధీనం నుంచి చట్టం రక్షణ ఇవ్వలేదు. ప్రభుత్వం చేతికి వచ్చిన అనేక ఇళ్లు లీజులు ముగిశాక ఖాళీగా పడి శిథిలమయ్యాయి. 2007లో మొదలైన కేప్ కాడ్ మోడర్న్ హౌస్ ట్రస్ట్ హాచ్ ఇంటిని, చార్లెస్ జెండర్ 1970లో కట్టిన కూగెల్–గిప్స్ ఇంటిని బాగుచేసింది. 2024లో బ్రాయర్ కాటేజీని కొన్నది. కుళ్లిన ప్లైవుడ్‌ను, కారే కప్పును చూసి మీ ఇంట్లో ఏమీ మిగల్లేదని ఎవరైనా అంటే నమ్మకండి. పాడైనదాన్ని బాగుచేయవచ్చు, పీకి పారేసినదాన్ని తిరిగి తేలేము.

మిగిలినవి క్లుప్తంగా చెబుతాను. రిజిస్టర్‌లో చేరాలంటే కట్టడానికి 50 ఏళ్లు నిండాలన్న నియమం మార్గదర్శకమే. అసాధారణ ప్రాముఖ్యం ఉంటే అంతకు ముందే చేర్చవచ్చు. రిజిస్టర్‌లో ఉన్నంత మాత్రాన ఎవరూ నిధులు పంపరు. 20 శాతం క్రెడిట్ ఆదాయం తెచ్చే కట్టడాలకే గాని, పూర్తిగా సొంత వాడకానికి ఉంచుకున్న ఇంటికి రాదు.

కొనేటప్పుడు పాత యజమానుల నుంచి ఇంటి ప్లాన్లు, కలప రసీదులు, అతిథుల పుస్తకం, కుటుంబ ఫోటోలు అడిగి తీసుకోండి. వారు చెత్తగా పడేసే కాగితాలలోనే నాకు కావలసిన సంవత్సరాలూ పేర్లూ దొరుకుతుంటాయి. పన్ను క్రెడిట్ ఉద్దేశం ఉంటే ఏ పలకనూ కదపకముందే ప్రతి గదినీ, బయటి నాలుగు వైపులనూ ఫోటో తీసి, దరఖాస్తులోని మొదటి రెండు భాగాలను రాష్ట్ర ప్రిజర్వేషన్ కార్యాలయానికి పంపి, ఆమోదం వచ్చిన తరువాతనే కాంట్రాక్టర్‌ను పనిలోకి దింపండి.