బన్నీ, రాబిట్, మన చేల కుందేలు

గుంటూరు

చిన్నూకీ, బుజ్జికీ,

బన్నీ వేరు, రాబిట్ వేరు అని మొన్న మీ ఇద్దరూ ఫోన్లోనే తగువు పడ్డారు. రెండూ ఒకటేరా. దాన్ని ముద్దుగా పిలిస్తే బన్నీ, మామూలుగా చెబితే రాబిట్. చిన్నదాన్నైనా పెద్దదాన్నైనా బన్నీ అనొచ్చు. దాని కూనను మాత్రం కిట్ అంటారు.

అసలు తేడా ఇంకోచోట ఉంది. బెజవాడలో బోనుల్లో పెట్టి అమ్మే తెల్ల కుందేలూ, ఇక్కడ కొండవీటి పొదల్లో, మెట్ట చేలల్లో గెంతే కుందేలూ ఒక జాతివి కావు. మనమే రెంటినీ కుందేలు అనేస్తాం. బోనులోది యూరప్ అడవి రాబిట్ల సంతతి. చేలోదాన్ని ఇంగ్లీషులో హేర్ అంటారు. మొదటిదానికి 44 క్రోమోజోములు, రెండోదానికి 48. కలిపి పెంచినా వాటికి పిల్లలు పుట్టవు.

కూనల్ని చూస్తే మీకే తెలిసిపోతుంది. రాబిట్ కూన ఒంటిమీద బొచ్చు లేకుండా, కళ్లు మూసుకుని పుడుతుంది. తల్లి తన బొచ్చే పీకి దానికి పక్క వేస్తుంది. హేర్ కూన నేలమీదే, గడ్డి చాటున, ఒంటినిండా బొచ్చుతో కళ్లు తెరుచుకుని పుడుతుంది. తల్లి దాన్ని అక్కడే వదిలి పగలంతా దూరంగా ఉంటుంది, చీకటి పడ్డాక వచ్చి పాలిస్తుంది. ఇది తెలియక, పాపం తల్లి లేదనుకుని కూనను ఇంటికి తెచ్చేసేవాళ్లున్నారు. పొలం వచ్చినప్పుడు మీకు కనబడితే ముట్టుకోకుండా వచ్చేయండి. అడవి కుందేలును పట్టడం 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం నేరం కూడా.

పెంచుకోవాలంటే రాబిట్టే. బాగా చూసుకుంటే 8 నుంచి 10 ఏళ్లు బతుకుతుంది. బతికినన్నాళ్లూ పళ్లు పెరుగుతూనే ఉంటాయి. అవి అరగాలంటే రోజంతా గడ్డి నమలాలి, కారెట్ ఎప్పుడైనా ఓ ముక్క చాలు. చెవులు పట్టుకుని ఎత్తకండి. ఒక చెయ్యి రొమ్ము కింద, ఇంకోటి వెనక కాళ్ల కింద పెట్టి ఎత్తాలి.

నాకు టెన్షనల్లా బెజవాడ ఎండలే. వాటికి మనలా చెమట పట్టదు, ఒంట్లో వేడి ఎక్కువగా చెవుల్లోంచే పోవాలి. మే నెలలో డాబామీద రేకుల కింద బోను పెడితే ఒక్క మధ్యాహ్నానికే ప్రాణం పోతుంది. అందుకే వానలు పడ్డాకే తెచ్చుకోండి. జంట కావాలన్నారుగా, ఆడదీ మగదీ కలిపి ఉంచితే నెల తిరిగేసరికి ఇల్లంతా కూనలే. తెచ్చిన రోజే పశువుల డాక్టరుకు చూపించి, ఏది ఏదో తెలుసుకుని విడివిడిగా ఉంచమని నాన్నకు చెప్పండి.

మీ తాతయ్య